వడ్డాణం చెప్పే కబుర్లు

కిందటేడు దసరాకు బాన్సువాడలో మా అత్తగారింట్లో ఇరవై మందికి పైగా భోజనాలు చేశారు. వడ్డనలన్నీ అయ్యేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. ఆఖరుకి మా అత్తమ్మా నేనూ వంటింట్లో పీటలు వాల్చుకుని కూచున్నాం. అన్నం కలపబోతుంటే నా మణికట్టు మీద ఏదో గిలిగింత. మా అబ్బాయి కొనిపెట్టిన గడియారం! చూద్దును కదా, దాని మొహం నిండా చిచ్చుబుడ్లు వెలుగుతున్నాయి. ఆ రోజుకి పదివేల అడుగులు పూర్తిచేశానట, శభాష్ అని మెచ్చుకుంటోంది.

"గదేందే బిడ్డా, గట్ల వణుకుతున్నది?" అన్నారు అత్తమ్మ.

"పదివేల అడుగులు నడిచానంట అత్తమ్మా. మెచ్చుకుంటోంది."

"నడిచినవని చెప్పింది, మంచిదే. పొద్దటి సంది ఏం తినలేదని చెప్పలేదా?"

నాకు నవ్వొచ్చింది. నవ్వాక ఏం జవాబు చెప్పాలో తోచలేదు. వంటింటికీ వసారాకీ మధ్య తిరిగిన పదివేల అడుగులూ దానికి తెలుసు గాని, కాఫీ తప్ప కడుపులో ఏమీ పడలేదన్న సంగతి తెలియదు. తిండి మీద ధ్యాస పెట్టి తినటానికి ఒంటి మీద ఏదో ఒకటి ధరించటమనే ఆలోచన ఈనాటిది కాదు. దాని కథ ఎక్కడ మొదలైందో, మన ఇళ్ళల్లో ఏ పేరుతో వుండేదో తిరగేసి చూడాలనిపించింది.

మీ చిన్నప్పటి వరలక్ష్మీ వ్రతం గుర్తుచేసుకోండి. తొమ్మిది ముళ్ళ తోరం చేతికి కట్టుకున్నామంటే పూజయ్యేదాకా పచ్చి మంచినీళ్ళైనా ముట్టని అమ్మలు ఎంతమంది! అయ్యప్ప మాల వేసుకున్నవారు నలభయ్యొక్క రోజులు నియమంగా తింటారు. మాంసం ముట్టరు, కొందరు ఉల్లిపాయ కూడా ముట్టరు. ఆ దారమూ, ఆ మాలా ఎవరి అడుగులూ లెక్కపెట్టవు. ఎదురుగా మిరపకాయ బజ్జీలు వేగుతున్నప్పుడు చెయ్యి ముందుకు సాగితే, ఆ చేతికున్న తోరం కంటబడుతుంది. అంతే, చెయ్యి ఆగుతుంది. గుర్తు చెయ్యటమే దాని పని.

మొలతాడు సంగతి ఇంకొక రకం. బారసాలనాడు పసివాడి నడుముకు కట్టిన నల్లతాడు నెల తిరిగేసరికి బిగుతైతే తల్లి సంతోషంగా వదులు చేస్తుంది. వదులుగా వేలాడితే ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టదు. అంగన్‌వాడీలో పిల్లల దండచెయ్యికి చుట్టి చూసే మూడు రంగుల టేపు కూడా ఈ కుటుంబానికి చెందిందే. ఆరు నెలలు దాటి ఐదేళ్ళు నిండని పిల్లల చెయ్యి చుట్టుకొలత 11.5 సెంటీమీటర్లకు తక్కువైతే ఎరుపు. అంటే బిడ్డకు తిండి చాలటం లేదు, ఆలస్యం చెయ్యవద్దని. అంగన్‌వాడీలు పుట్టింది 1975 అక్టోబరు 2న మొదలైన పథకంతో. మొలతాడు ఎప్పుడు పుట్టిందో ఎవరు చెప్పగలరు!

ఇక వడ్డాణం. రామప్పగుడిలో, అంటే 1213లో కాకతీయ సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన ఆలయంలో, నల్లరాతి మదనికల నడుములు చూడండి. ఎనిమిది వందల ఏళ్ళుగా ఆ నడుము ఆభరణాలు ఒక్క అంగుళం బిగియలేదు, వదులూ కాలేదు. రాతి బొమ్మలు అదృష్టవంతులు! మన సంగతి అలా కాదు. అమ్మమ్మ వడ్డాణం మనవరాలి పెళ్ళిలో పెట్టె తీసి చూస్తే కొక్కెం అందదు. "అప్పటివాళ్ళు సన్నగా వుండేవారు" అని అందరం ఏకగ్రీవంగా తీర్మానిస్తాం. ఎందుకు సన్నగా వుండేవారన్నది మాత్రం ఎవరూ అడగరు. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ముందు మా బాన్సువాడ పళ్ళెం సంగతి చెప్పాలి. మంజీర మీద నిజాంసాగర్ కట్టకముందు ఈ ప్రాంతపు మెట్టపొలాల్లో జొన్నే ప్రధానం. జొన్న రొట్టె, గట్క, అంబలి, పక్కన తొక్కు. వరి అన్నం పండుగనాటి మాట. 1923లో మొదలై 1931లో పూర్తయిన ఆ ఆనకట్టకు రూపకల్పన చేసిన ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. దాదాపు 2 లక్షల 75 వేల ఎకరాలకు నీరివ్వాలని దాన్ని తలపెట్టారు. కాలవ నీళ్ళతోపాటు కోస్తా జిల్లాల నుంచి రైతు కుటుంబాలూ వచ్చి, పొలాలు కొని, 'క్యాంపు'లనే పేరుతో ఊళ్ళు కట్టుకున్నాయి. మా పుట్టింటివారు అలా వచ్చినవాళ్ళే. మేము 'ముద్ద' అంటాం, మా అత్తమ్మ 'బుక్క' అంటారు. పెళ్ళైన కొత్తలో "ఇంకో బుక్క తిను" అంటే నాకు అర్థంకాక పుస్తకమనుకున్నాను!

నీళ్ళొచ్చాయి, వరి వచ్చింది, చెరకు వచ్చింది. 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ నెలకొంది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకున్న ఆ ఫ్యాక్టరీ 2015లో మూతపడింది గాని, మన నాలుకకు అలవాటైన తీపి మూతపడలేదు. ఒక్క తరంలో పళ్ళెం రంగే మారిపోయింది. పచ్చటి రొట్టె పోయి తెల్లటి అన్నం గుట్టలా వచ్చి కూచుంది. ఆకలి తీరింది, నిజమే. కరువు చూసినవాళ్ళకు అన్నం అంటే ఎంత అపురూపమో మనం హేళన చెయ్యకూడదు. కాని పని తగ్గి, నడక తగ్గి, అన్నం మాత్రం తగ్గకుండా వుంటే ఏమవుతుందో మనకు ఆలస్యంగా తెలిసింది. దేశంలో పది కోట్లమందికి పైగా మధుమేహం వున్నట్టు భారత వైద్య పరిశోధన మండలి వారి పెద్ద సర్వే 2023లో తేల్చింది.

తెల్ల బియ్యం గురించిన హెచ్చరిక మన దగ్గర పాతదే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పుట్టిన కథే అది. తమిళనాట కూనూరులో 1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ అనే డాక్టరు ఒక చిన్న గదిలో బెరిబెరి జబ్బు మీద పరిశోధన ప్రారంభించాడు. మరపట్టిన బియ్యంలో తవుడుతోపాటు 'బి' విటమిను కూడా పోవటమే ఆ జబ్బుకు మూలం. ఆ చిన్న విభాగమే పెరిగి 1958లో హైదరాబాదు చేరి, 1969 నుంచి ఇప్పటి పేరుతో నడుస్తోంది. ఆ సంస్థ లెక్కల ప్రకారం వంద గ్రాముల జొన్నల్లో పీచు సుమారు 10 గ్రాములు, మరపట్టిన బియ్యంలో సుమారు 3 గ్రాములు. కాలరీలలో మాత్రం రెండింటికీ పెద్ద తేడా లేదు. ఈ చివరి మాట గుర్తుంచుకోండి, ముందుముందు నన్ను రక్షించింది అదే.

తినేటప్పుడు "చాలు" అని చెప్పే యంత్రం కావాలన్న కోరిక ఇటలీలో నాలుగు వందల ఏళ్ళ కిందటే ఒక డాక్టరుకు కలిగింది. శాంటోరియో అని ఆయన పేరు. 1614లో పుస్తకం కూడా వేశాడు. పెద్ద త్రాసుకు కుర్చీ వేలాడదీసి, అందులో కూచుని భోజనం చేసేవాడు. ముందుగా అనుకున్నంత బరువు కడుపులో పడగానే కుర్చీ కాస్త కిందికి దిగేది. అంటే ఇక లేవమని! ఏళ్ళ తరబడి తిన్నదీ విసర్జించినదీ తూచుకున్న మహానుభావుడాయన. ఆయనకు వడ్డించినవాళ్ళ అవస్థ గురించి మాత్రం చరిత్రలో ఒక్క ముక్క లేదు.

మనదేశంలో వాగ్భటుడు త్రాసు లేకుండానే ఆ పని చేశాడు. కడుపును నాలుగు భాగాలనుకుంటే రెండు భాగాలు అన్నానికి, ఒకటి నీళ్ళకి, నాలుగోది గాలికి వదిలెయ్యమన్నాడు. వినటానికి ఎంత తేలిక! మూడో భాగం ఎక్కడ ముగిసిందో తెలుసుకోవటమే కష్టం. కడుపు నిండిన కబురు మెదడుకు చేరటానికి పదిహేను ఇరవై నిమిషాలు పడుతుందంటారు. ఆ కబురు అందేలోపు మనం పెరుగన్నం కూడా ముగించి చెయ్యి కడుక్కుంటాం.

ఈ విద్య మనకు పుట్టుకతోనే వుంది, తర్వాత మరిచిపోతాం. పాలు చాలగానే పసిబిడ్డ తల అటు తిప్పేసుకుంటుంది. బతిమాలినా తాగదు. మా బాన్సువాడలోని మాతా శిశు ఆసుపత్రికి తల్లిపాలకు ప్రోత్సాహమిచ్చే ఆసుపత్రిగా 2022లో గుర్తింపు వచ్చింది. అక్కడ పుట్టిన పిల్లలందరూ తమకెంత చాలునో తెలిసినవాళ్ళే. తర్వాత "నాన్న ముద్ద, తాత ముద్ద" అంటూ చందమామను చూపించి నోట్లో కుక్కేది మనమే. ఇప్పుడు చందమామ బదులు సెల్‌ఫోన్ చూపిస్తున్నాం. చందమామైనా నయం, దాన్ని చూస్తే మెడైనా పైకెత్తాలి.

తర్వాత చేతి గడియారం వచ్చింది. హెచ్.ఎం.టి. వారు జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో 1961లో బెంగుళూరులో వాచీలు తయారుచెయ్యటం మొదలుపెట్టారు. ఆ తర్వాత అల్లుడికి వాచీ పెట్టని పెళ్ళి మధ్యతరగతిలో అరుదు. పూర్వం నీడ చూసుకుని, ఆకలి చూసుకుని తినేవాళ్ళం. వాచీ వచ్చాక తొమ్మిదిన్నరైంది కాబట్టి తినటం నేర్చుకున్నాం. ఒకవైపు చొక్కా గుండీలు పెట్టుకుంటూ, మరోవైపు బస్సు వేళ చూసుకుంటూ మింగటం నేర్చుకున్నాం. ఒంటికి తగిలించుకున్న యంత్రం మన భోజనం మీద అధికారం చెలాయించటం అప్పుడే మొదలైంది.

నన్ను మెచ్చుకున్న ఆ పదివేల అడుగుల లెక్క కూడా జపాన్‌దే. 1964 టోక్యో ఒలింపిక్స్ తర్వాత అక్కడ నడక మీద మోజు పెరిగింది. 1965లో ఒక గడియారాల కంపెనీ నడుముకు తగిలించుకునే అడుగుల లెక్కయంత్రం అమ్మింది. దాని పేరుకు అర్థమే 'పదివేల అడుగుల మీటరు'. ఆ అంకె ఏ వైద్యశాస్త్ర పరిశోధనలోంచీ పుట్టలేదు, వ్యాపారానికి బాగుందని పెట్టుకున్నారు. 2019లో అమెరికాలో పదహారు వేలమందికి పైగా పెద్దవయసు స్త్రీల మీద జరిగిన అధ్యయనంలో, రోజుకు సుమారు 7,500 అడుగుల దగ్గరే మేలు చాలావరకు అందుతోందని తేలింది. నేను మోకాళ్ళు పట్టుకుని వసారాలో పచార్లు చేసింది ఒక ప్రకటన కోసమన్నమాట!

అడుగులయ్యాక ముద్దల వంతు. 2010 ప్రాంతాల్లో అమెరికాలోని క్లెమ్సన్ విశ్వవిద్యాలయం వాళ్ళు, తినేటప్పుడు మణికట్టు తిరిగే తీరు పసిగట్టి ఎన్నిసార్లు చెయ్యి నోటికి వెళ్ళిందో లెక్కపెట్టే పట్టీ తయారుచేశారు. 2013లో, ఆత్రంగా తింటే వణికే ఫోర్కు ఒకటి లాస్ వేగాస్ ప్రదర్శనలో పెట్టారు. ఆవకాయ అన్నం ఫోర్కుతో తినేవాళ్ళని దేవుడే కాపాడాలి. వేడి అన్నం వేళ్ళకు చురుక్కుమనటమే మన వణికే ఫోర్కు. ఊదుకుని, చల్లార్చి, నెమ్మదిగా తినక తప్పదు.

ఇక చక్కెర చూసే బిళ్ళ. 1962లో లేలాండ్ క్లార్క్ అనే శాస్త్రజ్ఞుడు గ్లూకోజును విద్యుత్తు ద్వారా కొలిచే పద్ధతికి దారి చూపాడు. 1999లో అమెరికాలో ఒంటికి అంటించుకునే మొదటి యంత్రానికి అనుమతి దొరికింది. అప్పట్లో ఆ అంకెలు తొడుక్కున్నవాళ్ళకు కనిపించేవి కావు, మూడు రోజుల తర్వాత డాక్టరు తీసి చూసేవాడు! 2014లో యూరప్‌లో పద్నాలుగు రోజులు దండచేతికి అంటిపెట్టుకునే నాణెమంత బిళ్ళ వచ్చింది. వెంట్రుకలాంటి తీగ చర్మం కింద వుండి, కణాల మధ్య నీటిలోని గ్లూకోజు చూస్తుంది. రక్తంలో మార్పు అక్కడికి చేరటానికి కొన్ని నిమిషాలు ఆలస్యమవుతుంది.

షుగరు గీతకు కాస్త ఇవతలే వున్నానని మా డాక్టరు నాకూ ఒకటి అంటించారు. అన్నం తిన్న గంటకు సెల్‌ఫోన్‌లో గీత కొండెక్కింది. "నేను జెప్పలేదా, జొన్న రొట్టె తిను" అన్నారు అత్తమ్మ. తిన్నాను. రుచిగా వుందని మూడు తిన్నాను. గీత మళ్ళీ కొండెక్కింది! అత్తమ్మ బిళ్ళవైపు అనుమానంగా చూశారు. అప్పుడు గుర్తొచ్చింది, కాలరీలలో పెద్ద తేడా లేదన్న ముక్క. మర్నాటి నుంచి ముందు ఆకుకూర పప్పు, కూర తిని, తర్వాత ఒకే రొట్టె గాని గరిటెడన్నం గాని తిని, తిన్న తర్వాత కాసేపు పెరట్లో నడిచాను. గీత గుట్టెక్కి దిగిపోయింది. ఏం తింటున్నామన్నది ఎంత ముఖ్యమో, ఎంత, ఏ వరసలో అన్నదీ అంత ముఖ్యమని ఆ బిళ్ళ నాకు కళ్ళకు కట్టినట్టు చూపించింది. ఆ మేరకు దానికి నమస్కారం.

అయితే యంత్రాన్ని తగిలించుకుంటే చాలా? పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం వాళ్ళు బరువు తగ్గాలనుకునే 471 మంది యువతీయువకులతో రెండేళ్ళు ఒక పరిశీలన జరిపి, 2016లో ఫలితం ప్రకటించారు. అందరికీ మొదట సలహాలిచ్చారు, తర్వాత సగంమందికి ఒంటికి తొడుక్కునే యంత్రమిచ్చారు. యంత్రం లేనివాళ్ళు సగటున 5.9 కిలోలు తగ్గితే, యంత్రం తొడుక్కున్నవాళ్ళు 3.5 కిలోలే తగ్గారు! ఎందుకలా జరిగిందో ఆ పరిశీలన తేల్చలేదు. నాకు మాత్రం, అది చూసుకుంటుందిలే అని మనం చూసుకోవటం మానేస్తామేమో అనిపించింది.

ఇప్పుడు వడ్డాణం కథ చెబుతాను. ఆ దసరానాడే, విస్తరి ముందు కూచుని, అత్తమ్మ చెప్పారు. ఆమె కాపురానికొచ్చినప్పుడు తల్లిగారు పెట్టిన వెండి వడ్డాణం వుండేది. రోజూ నడుముకే వుండేది, పొలంలోనూ, ఇంట్లోనూ. కొక్కెం మూడో కడియంలో పడేది. పెద్ద సంసారం. మగవాళ్ళు తిన్నాక పిల్లలు, పిల్లలు తిన్నాక ముసలివాళ్ళు, ఆఖరున కోడళ్ళు. కరువొచ్చిన ఏడాది గిన్నెలో అడుగంటినదే మిగిలేది. ఎవరితోనూ అనలేదు, ఎవరూ అడగలేదు.

"కొక్కెం ఐదో కడియానికి వొయ్యింది. కొస వేలాడుతుంటె చెంగు కప్పుకున్న. సంక్రాంతికి తల్లిగారింటికి పోతె మా అవ్వ కౌగలించుకున్నది. చెయ్యి వడ్డాణం మీద పడ్డది. 'ఏందే బిడ్డా, రెండు కడియాలు వదులైంది, తింటలేవా?' అన్నది. గప్పుడు ఏడ్చిన."

ఆ నెల్లాళ్ళూ తల్లి ఆమెను అత్తారింటికి పంపలేదట. దగ్గర కూచుని కొసరి కొసరి తినిపించిందట. కొక్కెం మూడో కడియంలో పడ్డాక పంపింది. ఆ వడ్డాణం తర్వాత పిల్లల చదువులకు అమ్మేశారు.

ధ్యాసపెట్టి తినటమంటే తక్కువ తినటమే అని మనం అనుకుంటాం. దేశంలో పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ళ లోపు స్త్రీలలో నూటికి యాభై ఏడుగురికి రక్తం తక్కువని 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. అందరి ముద్దలూ లెక్కపెట్టి, తన ముద్ద సంగతి మరిచిపోయేవాళ్ళ ఇళ్ళల్లో "తక్కువ తిను" అన్న సలహా ఎవరికి? మిగిలిపోయింది పారెయ్యలేక ఆకలి లేకున్నా తినటమూ ధ్యాస లేని తిండే, అందరూ తిన్నాక చాలక నీళ్ళు తాగి లేవటమూ ధ్యాస లేని తిండే. రెండూ చేసేది ఎక్కువగా మనమే.

వడ్డాణం కొలత చెప్పింది. కాని ఆ కొలత మీద ఒక చెయ్యి పడబట్టే ఆమెకు అన్నం దొరికింది. మణికట్టు మీది గడియారమైనా, దండచేతి బిళ్ళయినా అంతే. అవి అంకె చెబుతాయి. ఆ అంకె చూసి "తిన్నావా?" అని అడిగే మనిషి వుండాలి, "ఇక చాలు" అనగలిగే మనిషీ వుండాలి. ఆ మనిషి ముందు మనకు మనమే కావాలి.

మా ఇంట్లో ఒక చిన్న మార్పు వచ్చింది. ఈ సంక్రాంతికి బాన్సువాడలో అన్నం గిన్నె, కూరలు మధ్యలో పెట్టి అందరం ఒక్కసారే కూచున్నాం. ఎవరికి కావలసింది వాళ్ళే వడ్డించుకున్నారు. మా మామగారు మొదట కాస్త బిగుసుకున్నారు గాని, ఆకలి ముందు పంతం ఎంతసేపు! నేను గడియారం తీసి గూట్లో పెట్టాను. ఆ పూట దాని లెక్కలో నేను మూడువేల అడుగులు కూడా నడవలేదు.

అత్తమ్మ రొట్టె తుంచుతూ నావైపు చూశారు.

"ఇయ్యాల ఏమంటున్నది నీ గడియారం?"

"అలిగింది అత్తమ్మా."

"అలగనీ. నువ్వైతె తిను."